ఒంటి బూటు

క్లబ్బు గుమ్మానికి అడ్డంగా ఒక చక్రాల కుర్చీ వచ్చి ఆగింది.

"గురూ, బండి కాస్త పక్కకి లాగు. వెనక జనం కాచుకుని ఉన్నారు," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పాటగాడు కార్మైన్.

కుర్చీలో మనిషి కదల్లేదు. బట్టతల, మాసిన కోటు, ఒళ్లో కాగితం సంచి.

"నన్ను కిందికి దించుతారా? వేదిక దగ్గర పెడితే చాలు. ఒక్క పాట చూసి పోతాను."

కార్మైన్ నిటారుగా దిగే మెట్ల వంక చూశాడు. న్యూయార్క్‌లో ఆదివారం మధ్యాహ్నం కుర్రకారు కచేరీ అంటే ఈ నేలమాళిగే. రేపటి నుంచి ఇది మందుల షాపు. ఇవాళ్టిదే ఆఖరి ఆట.

"దించడానికేం, దించుతాం. దించాక ఎవడో నీ మీద పడితే? పాట మొదలైతే మావాళ్లు కన్నతల్లినైనా గుర్తుపట్టరు."

ముప్పై ఏళ్లు దాటింది కార్మైన్ బృందం 'సిమెంట్' అనే ఆల్బం చేసి. పంక్ సంగీతంలోని కోపానికి మెటల్ సంగీతపు వేగం తోడైన పాటలు. కాఫీ చల్లారేలోపు రికార్డు రెండు వైపులా అయిపోతుంది.

ఆ తర్వాత అతని బతుకులో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. గొంతు బొంగురుపోయింది, పెళ్లాం పోయింది. మిగిలింది ఆ ఆల్బం, దాని అట్ట మీది ఫోటో.

ఫోటోలో ఓ కుర్రాడు ఇదే క్లబ్బు వేదిక మీంచి జనం మీదికి దూకుతూ గాల్లో ఉంటాడు. జుట్టు మొహాన్ని కప్పేసింది. నవ్వు మాత్రం కనబడుతుంది. ఒక కాలికి బూటు లేదు, చిరిగిన మేజోడులోంచి బొటనవేలు.

ఊడిన ఆ బూటు వేదిక మీదే దొరికింది. అప్పట్నుంచీ బారు వెనక మేకుకి వేలాడుతోంది. దాని లోపలి పక్కన, రెండో కాలి వైపు, తెల్ల రంగుతో గీసిన ఎలుక తల. తల ఒక్కటే. మిగతాది పిల్లి తినేసిందని జోకు.

ఆ కుర్రాణ్ణి ఆఖరి రోజున వేదిక ఎక్కించాలని కార్మైన్ రేడియోలో కూడా చెప్పించాడు. 'నేనే' అంటూ చాలామంది వచ్చారు. అందరూ జత కలవని ఏదో బూటు మీద ఇంకో ఎలుక తల గీసుకొచ్చిన నకిలీలే.

"ఫోటోలో కుర్రాడు ఏమయ్యాడు?" అడిగాడు కుర్చీలో మనిషి.

"ఏమవుతాడు? నవ్వుకుంటూ లేచి పోయాడు. అందరూ చెప్పేదే."

"మీరు చూశారా?"

"నేను కళ్లు మూసుకుని పాడతాను గురూ. అయినా చూడ్డం దేనికి? దూకినవాణ్ణి మావాళ్లు కింద పడనివ్వరు. ఇంట్లో ఎవరికీ పట్టని పిల్లలు మా దగ్గరికొచ్చారు. మేం పట్టుకున్నాం. ఇన్నేళ్లలో ఒక్కడి ఒంటి మీద గీత పడలేదు. ఈ జన్మకి నేను చేసిన మంచి పని అదొక్కటే. ఆఖరి రోజున నీవల్ల మచ్చ దేనికి చెప్పు?"

ఆ మనిషి ఒళ్లోని సంచి మడత విప్పబోయి మళ్లీ మూసేశాడు.

"ఆ ఫోటో తీసిన పాట మధ్యలో 'తిరగండ్రా' అని అరుస్తారు కదా?"

"అరుస్తా. నాకు పేరు తెచ్చిందే ఆ అరుపు."

"ఇవాళ అరిచేటప్పుడు ఒకసారి కళ్లు తెరవండి."

కాగితం సంచి అందించాడు.

"ఆ కుర్రాడి కోసం తెచ్చాను. రాకపోతే మీరే ఉంచుకోండి."

చక్రాలు తిప్పుకుంటూ వెళ్లిపోయాడు.

"ఇంకో ఎలుక," అని గొణిగి కార్మైన్ మెట్లు దిగి ఆ సంచిని బారు మీద గిరాటేశాడు.

"అయ్యో పాపం, తలుపు దగ్గరైనా కూచోనివ్వాల్సింది," అంది కింద నుంచే ఆ మాటలు విన్న, బారు చూసుకునే యొలాండా.

"పాపమని చూస్తే పాట సాగదు."

కచేరీ మొదలైంది. అందరూ ఆనవాయితీగా ఒక బూటు విప్పేశారు. అట్ట మీది ఫోటో తీసిన పాట వచ్చింది. వేదికకి అతుక్కుపోయి, దూకేవాళ్ల కోసం చేతులు చాచి నిలబడ్డారు జనం.

"తిరగండ్రా!"

అరుస్తూ కార్మైన్ కళ్లు తెరిచాడు.

చాచిన చేతులన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయాయి. జనం విచ్చుకుని గోడల వెంబడి గుండ్రంగా పరుగందుకున్నారు. నడిమధ్య ఎవరూ లేరు. ఉత్త సిమెంటు నేల.

అతని పక్కనే, వేదిక అంచున, ఓ పిల్ల కళ్లు మూసుకుని ఎగరబోతోంది.

కార్మైన్ మైకు వదిలేసి ఆమె కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఏంటి తాతా, భలే సమయంలో చెడగొట్టావ్," అని విసుక్కుంది పిల్ల.

కార్మైన్ వేదిక దిగి, జనాన్ని తోసుకుంటూ బారు దగ్గరికెళ్లి సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక బూటు తగిలింది. ఆ మసక వెలుతురులోనే దాని మీద తెల్లగా ఎలుక ఒళ్లు, పొడుగాటి తోక కనిపించాయి. తల లేదు.

యొలాండా మేకు మీది బూటు తీసి దాని పక్కన పెట్టింది. రెండూ కలిపితే ఒకే ఎలుక అయింది.

"దొరికాడు కార్మైన్, నీ కుర్రాడు దొరికాడు," అని చప్పట్లు కొట్టింది. "ఇచ్చినాయన్ని అడిగితే ఎక్కడున్నాడో చెప్తాడు. పరిగెత్తు."

కార్మైన్ చేతిలో బూటుతోనే మెట్లెక్కి వీధిలోకి వచ్చాడు. అటూ ఇటూ ఎవరూ లేరు.

వెలుతురులో చేతిలోని బూటుని తిప్పి చూశాడు. లేసు ముడి వేసింది వేసినట్టే ఉంది, బూటుని మాత్రం చీలమండ నుంచి వేళ్ల దాకా ఆసుపత్రివాళ్లు కత్తెరతో నిలువునా కోసి కాలి నుంచి తీశారు.