గడియారాల కొట్టుకు మినహాయింపు

వీధి మలుపు దాకా గుంటలు చూసుకుంటూ చక్కగా నడిచొచ్చినవాడు, మలుపు తిరగగానే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తెల్లకర్ర మడత విప్పి, చూపులేనివాడైపోయాడు.

ఈ వ్యాపారం అతని బావ బుర్రలో పుట్టింది. బావ ఒక లాయరు దగ్గర గుమాస్తా. వెబ్‌సైటు పెట్టి సరుకు అమ్మేవాళ్ళు, చూపులేనివాళ్ళ ఫోను కూడా దాన్ని పైకి చదివి వినిపించేలా కట్టించుకోవాలి. అది చట్టం. పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న చిన్న కొట్లకు మినహాయింపు. అదీ చట్టమే. మొదటిది చెప్పి భయపెట్టడం, రెండోది చెప్పకుండా రాజీకి లాగడం. పని ఇంతే.

"ఇవాళ కూడా వట్టి చేతులతో వచ్చావంటే, మీ అక్క ఎంత ఏడ్చినా సరే, నీ పెట్టె వీధిలో ఉంటుంది" అని పొద్దున్నే తేల్చిచెప్పాడు బావ.

అందుకే ఇవాళ గోడగడియారాలు బాగుచేసి అమ్మే కొట్టును ఎంచుకున్నాడు. వెబ్‌సైటు ఉంది, లాయరు ఉండడు. తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టాడు.

బయట మబ్బు. లోపల అంతకంటే మబ్బు. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. కరెంటు ఆదా చేసే రకం కాబోలు అనుకున్నాడు. అసలే నల్లద్దాలు. లైటు వేయమందామంటే, తను అడగకూడని మాట అదొక్కటే. గోడల నిండా టిక్కుటిక్కుమంటూ గడియారాలు, వాటి మధ్య బల్ల వెనక ఒక పెద్దావిడ. చేతిలో ఉన్న గడియారాన్ని చెవికి ఆనించుకుని ఉంది.

"రండి. మీ ఎడంచేతి వైపు కుర్చీ ఉంది, చూసుకోండి" అందామె.

కర్ర చప్పుడు బాగానే పనిచేసిందనుకున్నాడు. అంతలో కుర్చీ మోకాలికి కొట్టుకుంది. నటించాల్సిన అవసరమే రాలేదు. కూర్చుని, బావ నేర్పినట్టే తల పైకెత్తి, చూపు పైకప్పుకు అప్పగించాడు.

"మీ వెబ్‌సైటు గురించి వచ్చానమ్మా. గంటలు కొట్టే గడియారం ఒకటి కొనుక్కుందామని వెళితే, నా ఫోను నోరు పెగల్లేదు."

"అయ్యో. ఒక్క ముక్క కూడా చదవలేదా?"

"చదివితే ఒట్టు. అన్నీ బొమ్మలేనట. నాలాంటివాడు మనిషి కాడా చెప్పండి" అని గొంతు కాస్త వణికించాడు. "మా లాయరు నోటీసు పంపేద్దామన్నాడు. పాపం పెద్దావిడ, మాట్లాడి చూద్దామని నేనే ఆపాను."

ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"చిన్న కొట్లకేదో మినహాయింపు ఉందంటారే బాబూ. ఇక్కడ ఉండేది నేనూ, బరువులు దించే మనిషీ. అంతే."

ఇంతవరకూ ఏ కొట్లోనూ ఎవరూ ఎత్తని మాట. జైలు గోడ ఒకటి కళ్ళద్దాల లోపల మెరిసి మాయమైంది.

"దాన్ని పోయినేడే ఎత్తేశారమ్మా. అడ్డమైనవాళ్ళంతా దాని చాటున దాక్కుంటున్నారని."

"అలాగా. నా చెవిన పడనేలేదు." ఆమె నిట్టూర్చింది. "కోర్టుల చుట్టూ నేనెక్కడ తిరగను నాయనా. ఉండండి, చెక్కు పుస్తకం తెస్తాను. కాస్త కాఫీ కూడా పెట్టుకొస్తాను."

పాత చెక్కతలుపు దగ్గరగా వేసుకుని లోపలికి వెళ్ళింది. గిన్నె చప్పుడూ, ఎవరితోనో ఫోన్లో గుసగుసా వినిపించాయి. ఎవరినో డబ్బు సర్దమంటోంది కాబోలు.

రాజీకి ఎంత చెప్పాలో తేల్చుకోవాలంటే కొట్టు ఎంతటిదో చూడాలి. అతను కళ్ళద్దాలు తీసి, పిల్లిలా లేచి, వీధి తలుపు పక్కన గోడ తడిమాడు. స్విచ్చు దొరికింది. ఇన్ని టిక్కుల మధ్య ఇంకో టిక్కు ఎవరికి వినబడుతుంది? నొక్కాడు.

టేకు చట్రాలు, ఇత్తడి లోలకాలు, మనిషంత ఎత్తు గడియారాలు. అన్నీ పాతకాలానివి, ఖరీదైనవి. మనసులో ఉన్న అంకెను అక్కడికక్కడే రెట్టింపు చేశాడు. అడుగుల చప్పుడు వినబడగానే లైటు ఆర్పి, కుర్చీలో పడి, అద్దాలు తగిలించుకుని, మళ్ళీ పైకప్పు.

తన చురుకుదనానికి తనే మురిసిపోయాడు.

కాఫీ బాగుంది. చెక్కు మాత్రం రాలేదు.

"తొందరేముంది. రాసిపెట్టే మనిషి వస్తున్నాడు" అంది పెద్దావిడ.

రాయడం కూడా రాదన్నమాట. ఇంకా మంచిదనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. వచ్చిన మనిషి అదే కుర్చీ కోడుకు తగిలి తూలాడు. బూట్లు, ఖాకీ బట్టలు. కానిస్టేబులు.

"అబ్బబ్బ, ఏంటి పిన్నిగారూ ఈ చీకటి? ఎన్నిసార్లు చెప్పాలి మీకు, వచ్చేవాళ్ళ కోసమైనా లైటు వేసి ఉంచమని."

"ఈయన్ని వేయమను. స్విచ్చు ఎక్కడుందో ఈయనకు తెలుసు" అందామె తాపీగా.

అతను కర్ర వెతుక్కుంటూ లేచాడు. "నేనా? చూపులేనివాణ్ణి పట్టుకుని ఏంటమ్మా ఆ మాటలు? నేను లైటు వేయడం మీరు చూశారా?"

ఆమె మొదటిసారి నవ్వింది. చేతిలోని గడియారాన్ని తడిమి, లోలకం సర్ది, బల్లమీద పెట్టింది.

"నేను చూడటమేంటి బాబూ. చిన్న కొట్టు, మీకు మినహాయింపు ఉందని అందరూ అంటున్నా, ఆ సైటు రోజూ నాకు చదివి వినిపించాలని పట్టుబట్టి కట్టించుకున్నదాన్ని. పుట్టినప్పట్నుంచీ నాకు చూపు లేదు. అందుకే ఈ కొట్లో స్విచ్చు చప్పుడైందంటే, కళ్ళున్న మనిషి వచ్చినట్టే."