గట్టు మీద పైపు

శివప్ప మోటారు పైపు వదిన మునియమ్మ చేనిగట్టు మీదుగా పోతుంది. దానికి గాటు పడింది. కింద ఎవరో తవ్విన గుంట నిండా నీళ్లు.

శివప్ప పళ్లు కొరుకుతూ గుంటను కాలితో పూడ్చేశాడు. బెంగుళూరు నుంచి తెప్పించిన రబ్బరు టేపును సాగదీసి గాటు మీద చుట్టాడు. పొర మీద పొర పడగానే అది తనకు తానే అతుక్కుపోయింది. కారడం ఆగింది.

"కొడవలి గాటే ఇది. నువ్వు కాక ఇంకెవురు?"

"నేనే కోసినా," అంది మునియమ్మ, కలుపు తీయడం ఆపకుండానే.

"సిగ్గు లేదా? నా నీళ్లు దొంగిలిచ్చి బతకతాండావా?"

అంతలో మేత నుంచి వస్తున్న శివప్ప ఆవు గట్టెక్కింది. పూడిన గుంటను వాసన చూసి, టేపును నాకసాగింది.

మునియమ్మ లేచింది. "ఆస్తి భాగాల్లో ఈ ఆవు నీకొచ్చినా, దప్పికైతే నా వాకిట్లోకే వచ్చి అరస్తాండాది. నా ఇంటి నీళ్లు నీ గొడ్డు కూడా ముట్టగూడదని శాంతిపురం పంచాయితీలో ఒట్టేసినావే! అందుకే నీ నీళ్లే దానికి తాపినా."

శివప్ప టేపును గోళ్లతో గీకాడు. కొస దొరకలేదు.

మునియమ్మ కొడవలిని అతని కాళ్ల ముందు విసిరింది.

"ఈసారి నువ్వే కొయ్యి."