చేపలకు చెక్క

"ఒసే ముసలీ! నా సెరువులో సెయ్యెట్టావంటే ఇరిసీగల్ను. పైకి రా ముందు!"

ఎర్రన్న కేకకు గట్టు మీద ఆరేసిన వల దగ్గరి కాకులు లేచిపోయాయి.

నడుము లోతు నీళ్ళలో నిలబడిన ముసలామె వినిపించుకోలేదు. గుంజకు కట్టిన మేత బస్తాను రెండు చేతులా పీకుతోంది. ముక్కున మూడు ముక్కెరలు. ఏదో కొండ గూడెం మనిషి.

ఆ ముప్పై సెంట్ల చెరువే ఎర్రన్నకు మిగిలిన ఆధారం. ఎండుచేపల పొడి కలిసిన మేత కొనే స్తోమత లేదు. మొక్కల మాంసకృత్తులతోనూ చేపలు ఎదుగుతాయని ఫోనులో విని, ఆ ఉదయమే కోటబొమ్మాళి నుంచి నూనె తీయగా మిగిలే గానుగ చెక్క మూడు బస్తాలు తెచ్చాడు. చేపలు పొడుచుకు తినేలా బస్తాలకు కన్నాలు పెట్టి, గుంజలకు వేలాడగట్టాడు. విన్న మాట అబద్ధం కాదు, విన్నది సగమే.

"సేప సస్తాది! తీసీ! సేప సస్తాది!" ముసలామె రొప్పుతూ అరిచింది.

"ఓలమ్మో, శాపనార్తాలెడతంది!" గట్టు మీంచి అతని భార్య కూర్మమ్మ గుండె బాదుకుంది. "సూస్తావేటి, లాగీ దాన్ని!"

ఎర్రన్న ఆ మాట ప్రకారం ముసలామె జబ్బ పట్టి ఈడ్చాడు. ముసలామె గట్టున పడి, లేచి, మళ్ళీ నీళ్ళ వైపే నడిచింది.

ఈసారి ఎండిన మట్టిబెడ్డ విసిరాడు. అది నుదుటికి తగిలింది. ఆమె నుదురు పట్టుకుని, తూలుతూ రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రానికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి.

"దాని కన్నే!" అంది కూర్మమ్మ. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి, బూడిద గుమ్మడికాయను మేత గుంజకే కట్టించింది. దాని కింద బస్తా నానుతూనే ఉంది.

తెల్లారేసరికి చెరువు నిండా తెల్లని పొట్టలే.

ఎర్రన్న తడి బస్తా భుజాన వేసుకుని కోటబొమ్మాళిలో చెక్క అమ్మిన సోములు కొట్టుకు వెళ్ళాడు.

"ఏటమ్మీసినావురా నాకు?"

"నువ్వేటడిగావు బావా? సేపల సెరువుకి సెక్క అన్నావు. ఇప్ప సెక్క ఇచ్చాను. కొత్త సేపపిల్లనొదిలే ముందర పాత సేపల్ని సంపడానికి అందరూ అదే గదా అట్టుకెల్తారు!"

"మేతకిరా..."

"మేతకైతే ఏరుశెనగ సెక్కో, సోయా సెక్కో అనాల గదా!"

ఎర్రన్న వెనక్కి తిరగబోయాడు.

సోములు గొంతు తగ్గించాడు. "ఆటో ఎక్కుతా, 'వారంలో సేపలు ఒళ్ళు సేస్తాయి' అన్నావు. ఆ మాటకి ఇక్కడ కూకున్న సవర ముసలమ్మ దిగ్గున లేసింది. ఆ ఎండలో నీ ఆటో ఎనకాలే పడింది. నువ్వన్నది కొత్త పిల్ల మాటనుకుని నేను నవ్వీసేను."

"ఇప్పుడేదీ?"

"సందేళ కలవర్టు కాడ పడిపోయి కనపడ్డాది. ఎండదెబ్బంటారు. నుదుట్న గాయమూ ఉన్నాది. ఆల గూడెపోలు వొచ్చి, శవాన్ని కొండకి మోసుకుపోనారు."

భుజం మీది బస్తా వీపు పొడుగునా కారుతోంది.

"ఎవలామె?"

సోములు ఆ బస్తా వైపు చూశాడు.

"ఇప్పగింజలేరి, నూనె తీసి, ఆ సెక్క నాకమ్మినది ఆవిడే."