మద్ది చెట్టు వయసు

"ఇంకెంతసేపు మేడం? చెట్టుకు నొప్పి పుడుతుందని మెల్లగా తిప్పుతున్నారా?" అన్నాడు గిరీష్.

చైత్ర బోలు బర్మాను మద్ది చెట్టు మానులోకి రెండు చేతులా తిప్పుతూనే ఉంది. చెట్టును కొట్టకుండానే లోపలి నుంచి పెన్సిలంత సన్నటి పుల్ల తీసి, దాని మీద ఏడాదికొకటిగా పడిన వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడం ఆమె ఉద్యోగం.

అదే చెట్టును కొట్టించడం గిరీష్ ఉద్యోగం. బెళ్ళందూరు దగ్గర ఆదినారాయణప్ప కడుతున్న 'నీల సరోవర్' అపార్టుమెంట్లకు కార్ల దారి సరిగ్గా ఆ మాను మీదుగానే పోవాలి. నెలాఖరులోగా చెట్టు పడితే తొమ్మిదో అంతస్తులో ఒక ఫ్లాటు గిరీష్‌ది. పడకపోతే ఉన్న ఉద్యోగం కూడా ఉండదు.

అడ్డం పడింది ఒకే ఒక్క మనిషి. అదిగో, ఇటుకల గుట్ట మీద కూర్చుని వక్క నములుతున్న చౌడమ్మ. ఏదో చెక్కల పరిశోధన ఆఫీసులో ముప్పై ఏళ్ళు రంపపు పొట్టు ఊడ్చి రిటైరైంది. ఇక్కడ కుంట ఉండేదని రెండేళ్ళ కిందట అర్జీ పెట్టింది. పాత మ్యాపు కోసం అధికారులు చూస్తే ఫైల్లో లేదు. ఎట్లా ఉంటుంది? తీయించింది గిరీషే. ఇప్పుడు కొత్త అర్జీ: చెట్టుకు రెండు వందల ఏళ్ళు, కాబట్టి కొట్టకూడదు.

"పాపా, బర్మా ఇంకొంచెం కిందికి పెట్టు. పైన పెడితే చెట్టు చిన్ననాటి వలయాలు తప్పిపోతాయి" అంది చౌడమ్మ.

"సైంటిస్టుకే పాఠమా అవ్వా?" గిరీష్ నవ్వాడు. చైత్ర మాత్రం బర్మా తీసి, మొదట్లోకి దించి మళ్ళీ పెట్టింది.

"అయినా రెండు వందలని నీకెవరు చెప్పినారు? చెట్టు ఆధార్ కార్డు చూపించిందా?"

"మా తాత చిన్నప్పుడే ఇంత మాను ఉన్నిందంటప్పా. ఏనుగుల్ని కట్టేసేవాళ్ళంట."

"డైనోసార్లను కట్టలేదా?"

కూలీలు నవ్వారు. చౌడమ్మ కూడా నవ్వింది.

"నా మాట నువ్వు నమ్మవు, నీ మాట నేను నమ్మను. ఈ పాప ఏం రాస్తే అది అక్షరం పొల్లు పోకుండా ఒప్పుకుంటామని ఇద్దరమూ రాసిద్దాం. రేపు నువ్వు మాట మారిస్తే నేనెక్కడ తిరిగేది?"

గిరీష్‌కు చెవుల్లో తేనె పోసినట్టయింది. ముసలామె తన చెట్టుకు తనే గొడ్డలి అందిస్తోంది.

"స్టాంపు పేపరు మీదే రాసిస్తానవ్వా. నువ్వూ వేలిముద్ర వెయ్యి."

"నాకు సంతకం వచ్చునప్పా."

పది రోజులకు చైత్ర ఫోన్ చేసింది.

"సార్, ముప్పై ఎనిమిది."

"రెండు వందల ముప్పై ఎనిమిదా?" గిరీష్ కుర్చీలోంచి లేచాడు.

"కాదు సార్, ఉత్త ముప్పై ఎనిమిదే. నీళ్ళు బాగా దొరికి తొందరగా లావెక్కింది. రిపోర్టు తొమ్మిది పేజీలు. చివరి పేజీ ఒకసారి చదవండి సార్, ఎందుకంటే..."

"మేడం, మీకు దండం. వయసు మొదటి పేజీలోనే ఉందా?"

"ఉంది."

"చాలు."

ఆ రోజు మారతహళ్ళిలో ఆఫీసు మొత్తానికీ బిరియానీ పెట్టించాడు. రంపం మనుషులను సోమవారం రమ్మన్నాడు. తొమ్మిదో అంతస్తు కిటికీలకు ఏ రంగు కర్టెన్లు బాగుంటాయో భార్యతో అరగంట మాట్లాడాడు.

శుక్రవారం విచారణ. చెట్ల ఆఫీసరు ఓబులేష్ ముందు గిరీష్ మొదటి పేజీని రెండుసార్లు పైకి చదివాడు.

"ఈమె రెండు వందలంటోంది. సైన్సు ముప్పై ఎనిమిదంటోంది. ఏనుగులు కట్టారట సార్. మేకను కట్టారంటే నమ్మొచ్చు."

"ఈ రిపోర్టు మీకు పూర్తిగా సమ్మతమేనా?" అడిగాడు ఓబులేష్.

"ప్రతి అక్షరమూ సార్. మేము తెప్పించిందే. ఇద్దరం సంతకాలు కూడా పెట్టినాం."

ఓబులేష్ చివరి పేజీ తిప్పి, తాపీగా చదివాడు.

"మొదటి ఇరవై రెండు వలయాలూ లావు. వానల్లేని కరువు ఏళ్ళలో కూడా లావే. అంటే వేళ్ళకు ఏడాది పొడుగునా నిలవ నీళ్ళు అందాయి. ఆ తర్వాతి పదహారూ దారప్పోగులంత సన్నం. మంచి వానలు పడ్డ ఏళ్ళలోనూ అంతే. పక్కనున్న కుంట ఒక్క ఏడాదిలో పూడిపోయి ఉండాలి."

ఓబులేష్ రిపోర్టు పక్కన పెట్టి గిరీష్ వైపు తిరిగాడు.

"పదహారేళ్ళ కిందట అక్కడ మట్టి తోలించిందెవరు?"

ఆ మట్టి లారీల పక్కన నిలబడి ట్రిప్పులు లెక్క రాసుకున్నది గిరీషే.

"మ్యాపు పోయిందన్నారు, సరే. కుంట ఉండేదని ఇప్పుడు మీరే రాసిచ్చారు. కుంటలో కట్టడానికి వీల్లేదు. చెట్టు సంగతి తర్వాత, ముందు మీ పని ఆపండి."

బయట మెట్ల మీద గిరీష్ జేబులో ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఆదినారాయణప్ప. ఎత్తే ధైర్యం లేక, ఆ కోపమంతా మెట్లు దిగుతున్న చౌడమ్మ మీదికి మళ్ళించాడు.

"గెలిచినానని పొంగిపోవద్దవ్వా. లోపల నీ మాట కూడా అబద్ధమే అని తేలింది. రెండు వందలెక్కడ, ముప్పై ఎనిమిదెక్కడ? చెట్టు వయసు కూడా తెలీకుండా అర్జీ ఎట్ల పెట్టినావు?"

చౌడమ్మ స్టాంపు పేపరు నకలును నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపుకుంది.

"తెలీకేమప్పా, నాటింది నేనే."