జ్వరమొచ్చిన కోడి

డ్రైవర్లు లేని కార్లొచ్చి, ఎవరి ఒంటికి తగ్గ గాలి వాళ్ల సీటుకే విసిరే రోజులవి. వీరరాఘవమ్మ ఏలేశ్వరం నుంచి కాకినాడకి కాపురం మారుస్తోంది. పక్క సీటులో గంప, గంపలో పొదిగే కోడి, దాని కింద తొమ్మిది గుడ్లు. లోపలి పిల్లలు అప్పుడే పెంకులు పొడుస్తున్నాయి.

పెద్దాపురం దగ్గర కారు ఎర్రదీపం వెలిగించింది. "పక్క సీటులో పాపకి ఒళ్లు కాలిపోతోందండీ. చల్లబరుస్తున్నాను."

"పాపేంటే నీ మొహం! అది కోడి. కోడి ఒళ్లు ఎప్పుడూ అంతే."

"కంగారు పడకండమ్మా," అంటూ కారు మంచులాంటి గాలి వదిలింది. కోడి ఈకలు నిక్కబొడుచుకుని గంపలోంచి లేవబోయింది. అది లేచిందంటే పిల్లలన్నీ పెంకుల్లోనే బిగుసుకుపోతాయి.

ముగ్గురు కోడళ్లని దారిలో పెట్టిన మనిషికి కారు ఓ లెక్కా? వీరరాఘవమ్మ తాగడానికి తెచ్చుకున్న ఐసు మజ్జిగ చెంబు తీసి, కోడి ఒంటివేడి చూస్తున్న కారు గాజుకన్నుకి అడ్డంగా పెట్టింది.

"అయ్యయ్యో, పాప చలికి వణికిపోతోంది!" అని కారు గబగబా వెచ్చటి గాలి తిప్పింది. కోడి రెక్కలు సర్దుకుని మళ్లీ కూలబడింది.

"అలా రా దారికి," అంది వీరరాఘవమ్మ.

నమ్మితే నమ్మండి, సామర్లకోట దాటేసరికి సీటు నిండా కిచకిచలే. ఆవిడ తీరిగ్గా మజ్జిగ తాగి చెంబు కింద పెట్టగానే కారు టక్కున ఆగిపోయింది.

"అమ్మా, ఎక్కినప్పుడు ఇద్దరే! ఇప్పుడు పదకొండు మంది ఉన్నారు. ఇంతమందికి సీట్లు లేవండీ."

వీరరాఘవమ్మ కొంగు పరిచింది. "చంటిపిల్లలకి సీట్లేంటే? ఒళ్లో కూర్చోబెట్టుకుంటాలే, పద!"