రెండు పిడులు

"ఇది మిషన్ కాదు మేడం, మా ఆయనను మింగిన నోరు. ఇయ్యాల దీనికి సీలు పడాలె."

జ్ఞానమణి ఆ మాటను అరిచి చెప్పలేదు. అరిచి ఉంటే బాగుండునని పురుషోత్తానికి అనిపించింది.

బన్సీలాల్‌పేట్‌లోని అతని కట్టెల అడితిలో ఆ ఉదయం పని ఆగిపోయింది. నడుమ మొద్దులు చీల్చే యంత్రం. దానికి ఒక పక్క చనిపోయిన కూలి జకర్యా భార్య, మరో పక్క విచారణకు వచ్చిన కార్మిక శాఖ అధికారిణి అనుపమ. పాత జేసీబీ నుంచి ఊడదీసిన హైడ్రాలిక్ సిలిండరును ఇనుప దూలానికి బిగించి, రాణిగంజ్‌లో కొన్న పంపు తగిలించి, దూలం కొసన గొడ్డలి వాదర వంటి ఉక్కు పలకను అతికించి, పురుషోత్తం తన చేతులతో కట్టుకున్న యంత్రమది. పెళ్లినాటి ఫొటో చూపినంత సంబరంగా దాన్ని వచ్చినవారందరికీ చూపేవాడు.

"సొంతంగా కట్టిన మిషన్, సేఫ్టీ లేదని కంప్లయింట్ వచ్చింది," అంది అనుపమ. "అది నిజమని తేలితే సీల్ వేస్తాను. కేసు దీన్ని తయారుచేసిన మీ మీదే పడుతుంది."

"మిషన్ల తప్పు లేదు మేడం. జకర్యానే జెర బేఫికర్ మనిషి. ఒక్కడే ఉన్నడు ఆ దినం. నేను తాడు కొననీకి మోండా మార్కెట్ వొయిన. వచ్చి చూస్తె ఏమున్నది, చెయ్యి వాదరకు నలిగి, నెత్తురంత కారి, అంత ఖతం."

"మా ఆయన బేఫికర్?" జ్ఞానమణి నవ్వింది. "సైకిలుకు తాళమేసి, మళ్ల తాళం పడ్డదా అని గుంజి చూసేటోడు!"

"నడిపి చూపించండి," అంది అనుపమ.

పురుషోత్తం మీట నొక్కాడు. మోటారు గుర్రుమంది, పంపు మూలగసాగింది. ఆ మూలుగు అడుగునుంచి ఎప్పటిలాగే ఆ గొంతు వచ్చింది.

'ఆగు సేటూ, ముడి ఉన్నది.'

జకర్యాను మట్టిచేసిన నాటినుంచి యంత్రం నడిచినప్పుడల్లా ఇదే మాట. మొదట పంపులో గాలి చేరిందనుకుని నూనె మార్చాడు. తరువాత చెవుల్లో దూది పెట్టుకున్నాడు. దూది ఆ గొంతును బయటికి పోనివ్వకుండా లోపలే బంధించింది.

"ఏమన్న వినబడ్తుందా సేటూ?" జ్ఞానమణి అతని ముఖంలోకే చూస్తోంది.

"ఏందమ్మా వినబడేది? పంపు సప్పుడు."

నున్నటి నీలగిరి మొద్దు ఒకటి ఎత్తి దూలం మీద పెట్టబోయాడు. జ్ఞానమణి అడ్డుకుంది. తూకపు కాటా వెనక్కి వెళ్లి, సగం పగిలిన చింతమొద్దును ఈడ్చుకొచ్చింది. దాని ముడి దగ్గర నెత్తురు ఎండిన నల్లటి మరక. ఆ మొద్దును అమ్మేయాలని అతను చాలా ప్రయత్నించాడు. ఏ హమాలీ దాన్ని ముట్టుకోలేదు.

"దీన్ని చీల్చు," అని దూలం మీదికి ఎక్కించి, భర్త నిలబడే చోటే నిలబడి, అరచేత్తో మొద్దును ఒకసారి తట్టింది. జకర్యా తట్టినట్టే.

"లేటెందుకు? కానివ్వండి," అంది అధికారిణి.

యంత్రం పోతే అడితి పోతుంది. పరువు పోతుంది. జైలు ఉండనే ఉంది. అతను గొంతు సవరించుకుని యంత్రం వెనక్కి నడిచాడు.

"చూడుండ్రి మేడం. రెండు పిడులు. కుడిచేత్తోని ఇది, ఎడమచేత్తోని అది. రెండు ఒక్కసారి నొక్కి పట్టుకుంటెనే సిలిండర్ కదుల్తది. ఏ ఒక్కటి ఇడిసినా ఆడికాడికే ఆగుతది. పిడులు గీడ, కట్టె గాడ. నొక్కెటోని చెయ్యి ఆడిదాంక అందనే అందదు. నా సొంత డిజైన్!"

అనుపమ వచ్చి ఒక పిడిని నొక్కి చూసింది. సిలిండరు కదలలేదు. రెండోదాన్ని నొక్కింది. అప్పుడూ కదలలేదు.

"ఒకదాన్ని తాడుతో కట్టేసి నడిపితే?"

"అట్ల ఎవ్వలు కట్టలె మేడం. ఆ దినం పోలీసోళ్లు అన్ని చూసిండ్రు. దారప్పోగు సుత దొరకలె."

అనుపమ పంచనామా తిరగేసి తల ఊపింది. "నిజమే. అలాగే రాశారు."

పురుషోత్తం ఛాతీ పొంగింది. రెండు పిడులూ కలిపి నొక్కాడు. సిలిండరు ముందుకు జరిగి చింతమొద్దును ఉక్కు వాదరకు అదిమింది. ముడి ఒక్క క్షణం మొరాయించింది. 'ఆగు సేటూ, ఆగు...' అంది గొంతు. అతను పళ్లు బిగించి, పట్టు విడవలేదు. మొద్దు ఫెళ్లుమని రెండుగా విచ్చుకుంది. లోపలి చేవ ఎర్రగా బయటపడింది.

ఆ వెంటనే గొంతు ఆగిపోయింది. మోటారు తిరుగుతూనే ఉన్నా, ఇన్నాళ్లలో మొదటిసారి అతనికి వట్టి పంపు చప్పుడు మాత్రమే వినిపించింది. జకర్యా తనను క్షమించాడు కాబోలు అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాగా కట్టారు," అని ఒప్పుకుంది అనుపమ. "నడిపే మనిషి చెయ్యి ఇందులో పడటానికి వీలే లేదు."

"అదే గద మేడం, నేను మొదటి సంది మొత్తుకునేది!" అంటూ చెమట తుడుచుకోవడానికి పిడుల మీది చేతులు ఎత్తబోయాడు.

"ఆగు సేటూ."

ఈసారి ఆ మాట అడితిలో అందరికీ వినబడింది. అన్నది జ్ఞానమణి. ఆమె రెండు అరచేతులూ, చీలిన చింతమొద్దు మీద, భర్త చేతులు ఉండిన చోటే ఉన్నాయి.

"చేతులు తియ్యకు. మేడంను మంచిగ చూడనీ. మా ఆయన చెయ్యి ఈ కట్టె మీద ఉన్ననాడు, ఆ రెండు పిడుల మీద ఉన్న చేతులు ఎవరియి?"