బాయికాడి జాగ

“వానాకాలం ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా అమ్మా?”

మల్లేశ్వర్ అడగగానే రొట్టె తడుతున్న దుర్గవ్వ చెయ్యి ఆగింది. ఎంత వాన పడ్డా గడియలో నీళ్ళు బయటికి పారిపోయే నేల అది.

“నిలుస్తయా అంటవేంది అయ్యా! మోకాళ్ళ దాంక నిలుస్తయి. పోయిన వానలకు నా పొయ్యే కొట్టుకపొయింది,” అంది.

మల్లేశ్వర్ కాగితం మీద రాసుకున్నాడు. హమ్మయ్య, నమ్మాడు అనుకుంది దుర్గవ్వ.

శంషాబాద్ రోడ్డు పక్కన మూడెకరాల బండ్ల అడ్డా అది. పట్నానికి ధాన్యం తోలే ఎడ్లబండ్లు ఒకప్పుడు అక్కడ దిగితే కాలు పెట్టే సందు ఉండేది కాదు. జర్మనీ లడాయి ఆగి రెండేళ్ళయింది, రోడ్డు మీద లారీలు ఎక్కువయ్యాయి, ఇప్పుడు పది బండ్లు దిగితే గొప్ప. జాగంతా పడావు పడింది. దాన్ని ఏం చేస్తే నాలుగు కాలాల పాటు సంఘానికి ఆసరా అవుతుందో చెప్పమని బండ్లోళ్ళ సంఘం పెద్ద గోపయ్య ఈ మల్లేశ్వర్‌ను పట్నం నుంచి పిలిపించాడు. ఆయన సర్కారు కచేరీలో భూముల నక్షాలు గీసి నౌకరీ దిగిపోయిన మనిషి. ఊరికే పడున్న జాగలకు దారి చూపించడమే ఇప్పుడు ఆయన పని.

ఆ దారి తన గుడిసె మీది నుంచే పోతుందని దుర్గవ్వ భయం. ఇరవై ఏళ్ళుగా అడ్డాలోని బాయికాడ ఉంటూ బండ్లోళ్ళకు రొట్టెలు చేసి పెడుతోంది. ఆమెకంటూ జానెడు జాగ లేదు. మొగుడు కుర్మయ్య ఈ అడ్డాలోనే బండి కింద పడి చనిపోయాడు. దినాలు అయిన మర్నాడు లేచి చూస్తే గుంజకు పాలబర్రె కట్టేసి ఉంది. ఎవరు కట్టారంటే ఈనాటికీ ఒక్కడు ఒప్పుకోలేదు. బండ్లోళ్ళ రివాజు అది, పెట్టేటప్పుడు చప్పుడు చెయ్యరు.

అట్లాంటి వాళ్ళకు ఇప్పుడు ఏం పుట్టిందో ఏమో! వారం నుంచి ఆమె కనబడితే చాలు మాటలు మింగేస్తున్నారు. మొన్న గోడ అవతల నుంచి గోపయ్య గొంతు వినపడనే వినపడింది. “బాయికాడి జాగ విడగొట్టి కాయితం చేసేద్దాం. అక్క చెవుల మాత్రం పడనియ్యకుండ్రి.”

ఆ మాటతో దుర్గవ్వ కడుపు మండిపోయింది. ఎవడికో అమ్ముతారా? అమ్మండి చూద్దాం, కొనేవాడు ఎట్లా దొరుకుతాడో అనుకుంది.

“బాయి నీళ్ళు ఎట్లుంటాయి?” మల్లేశ్వర్ మళ్ళీ అడిగాడు.

“బురద నీళ్ళయ్యా. ఎడ్లు గూడ మూతి పెట్టయి.”

“ఇందాక నేను తాగినవి తియ్యగా ఉన్నాయే?”

“అయ్యో, గవి మంఖాల్ నుంచి వచ్చే బండిల తెప్పిచ్చిన. నీకు బాయి నీళ్ళు పోస్తనా!”

మల్లేశ్వర్ వంగి గుప్పెడు మట్టి తీసి నలిపాడు. బంకమట్టి. గుడిసె గోడ వైపు చూశాడు.

“గోడ నిటారుగానే ఉందిగా?”

“నిరుడే కట్టిన. ఏటేటా కూలుతది, ఏటేటా కడుత. పాములైతే లెక్కలేదు.”

“అంటే మనిషి ఇల్లు కట్టుకుని బతకలేడంటావు?”

“పగోడు గూడ ఉండడయ్యా.”

“మరి ఇరవై ఏళ్ళు నువ్వెట్లా ఉన్నావమ్మా?”

దుర్గవ్వ రొట్టెను పెనం మీద వేసింది. “దిక్కులేక ఉన్న,” అంది. పొద్దున్నుంచి ఆమె చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే. మల్లేశ్వర్ ఆమె మొహం చూసి, ఇంకేం అడక్కుండా కాగితాలు మడిచాడు.

ఆ వారం దుర్గవ్వ కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయింది. వారం తిరిగాక సంఘం కూర్చుంది. రొట్టెల గంప దించి ఆమె కూడా ఓ పక్కన నిలబడింది.

మల్లేశ్వర్ తన సలహా చదివాడు. “రోడ్డు వైపుది అమ్ముకోకండి. దుకాణాలు వేసి కిరాయికి ఇవ్వండి. నడుమదంతా పారబండ, గునపం దిగదు, దాన్ని బండ్లకే వదలండి. బాయికాడిది ఇంటికి పనికిరాదు. నేను చూసింది ఎండాకాలంలో, వానాకాలం సంగతి అక్కడుండే మనిషే చెప్పింది. అయితే బంకమట్టి, పైగా నీళ్ళు నిలిచే నేల. ఇటుకల బట్టీకి అంతకంటే ఏం కావాలి?”

“అయ్య ఈ సంగతి నాకు మొన్ననే చెప్పిండు. అందుకే బట్టీలు పెట్టే అత్తాపూర్ అనంతయ్యకు అమ్మేసినం,” అన్నాడు గోపయ్య. “పొద్దుగాలనే వేలిముద్రలు పడ్డయి. కాయితం తీస్కొని పొయిండు.”

దుర్గవ్వ ముందుకు వచ్చింది. “నా గుడిసె?”

“ఈ నెలాఖరుకు తీసెయ్యాలె అక్కా. బట్టీ పొగల నువ్వెట్ల ఉంటవు? పట్నంల ఏదన్న కిరాయి అర్ర చూస్తం.”

“నేను చెప్పిందంత అబద్ధం గోపయ్యా!” దుర్గవ్వ నెత్తి కొట్టుకుంటూ కూలబడింది. “చుక్క నీళ్ళు నిలవయి. బాయి నీళ్ళు పాలసొంటియి. గోడ పదేండ్ల నుంచి గట్లనే ఉంది. ఎవడికో అమ్ముతరని, నా నీడ పోతదని, గిట్ల చెప్పిన. కాయితం వాపసు అడుగు తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత!”

“అడిగినా ఇయ్యడక్కా. ఆయనకు కావల్సింది మట్టి.”

మల్లేశ్వర్ తల వంచుకున్నాడు. గోపయ్య వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

“ఆ జాగ నీ పేరు మీద రాయాలనుకున్నం అక్కా.”